కొడవలి, వడిసెల, సున్నా అనుభవం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం యూసుఫ్‌గూడలో నస్రీన్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు పోయి అప్పటికి నలభై రోజులు దాటింది. కబురు తెలిసిన రోజు నేను ఊళ్ళో లేను. ఉండి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు గానీ, లేకపోవడం మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. తలుపు తీసింది నస్రీన్ కూతురు. ఇంజినీరింగ్ చదువుతోంది. మంచినీళ్ళిచ్చి, నా పక్కన కూర్చుని, పరామర్శకు వచ్చిన మనిషినని కూడా చూడకుండా ఫోను చేతిలో పెట్టింది. "ఆంటీ, మీరు సుత గేమ్ ఆడేవారంట గదా, అమ్మీ చెప్పింది. ఫైటర్-డ్రూయిడ్‌ని తయారు చేసిన, చూడండి. ఏ వెపన్ ఇయ్యాలె?" తెర మీద ఆకుపచ్చ దుప్పటి కప్పుకున్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కింద అయిదో లెవెల్ అని రాసి ఉంది. ఎన్నాళ్ళు ఆడితే అయిదో లెవెల్ వచ్చిందే అని అడిగాను. "ఇప్పుడే చేసిన ఆంటీ. రెండు నిమిషాలు పట్టింది" అంది. నాకు నవ్వాగలేదు. వంటింట్లోంచి నస్రీన్ కూడా నవ్వింది. ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దవాళ్ళకు మతి పోయిందనుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు వెనక ఉన్న సంగతి చెప్పాలంటే అమీర్‌పేట దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో అమీర్‌పేటలో మనిషి కనపడితే పేరు అడిగేవారు కాదు, కోర్సు అడిగేవారు. బోర్డు మీద బోర్డు, దాని మీద బ్యానరు, వాటి వెనక ఎక్కడో గోడ. బస్సు దిగి ఎస్.ఆర్. నగర్‌లో మా హాస్టల్‌కి నడిచేలోగా చేతిలో పడ్డ కరపత్రాలు వారం రోజులు కంచాల కింద పరుచుకోవడానికి సరిపోయేవి. మా హాస్టల్లో పొద్దున్న బాత్రూం ముందు బకెట్లు వరసలో ఉండేవి, మనుషులు కాదు. బకెట్ పెట్టి వెళ్ళి ఉప్మా తిని వచ్చినా మన వంతు మనదే. ఎవరి బకెట్‌నైనా పక్కకు జరిపితే ఆ పిల్లతో ఆ కోర్సు అయిపోయేదాకా మాటలుండవు. సాంబారు వాసన మెట్ల మీద మొదలై మూడో అంతస్తులో మా మంచాల దాకా వచ్చి, అక్కడే కాపురం పెట్టేది. నాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. బీయస్సీలో వృక్షశాస్త్రం చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని, నేర్చుకోవడానికి వచ్చాను. "ఆకులూ వేళ్ళూ చదివినదానివి, నీకు కంప్యూటరేంటే?" అని మా మేనత్త ఇప్పటికీ అంటుంది.

నాన్న మాత్రం ఏమీ అనలేదు. బస్సెక్కించేటప్పుడు ఒక్క మాట చెప్పారు. "ఉగాది దాకా చూడమ్మా. ఉద్యోగం రాకపోతే వచ్చేయ్. మన కాన్వెంట్‌లో సైన్సు చెప్పడానికి ఎవరో కావాలంటున్నారు." పాఠం చెప్పడం చిన్నతనమని నేను ఏనాడూ అనుకోలేదు. కానీ ఆ బడి మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉంది. అందులో చేరితే నా జీవితం అంతా మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకే అని నాకు భయం. ఆ భయమే నన్ను రోజూ క్లాసుకు నడిపించింది, చదువు మీద ప్రేమ కాదు. ఇందులో దాచుకోవడానికేముంది?

నస్రీన్ క్లాసులో పరిచయమైంది. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. మౌసు తన చేతిలో, కీబోర్డు నా చేతిలో ఉండేవి. మూడో అమ్మాయి తెర మీద దుమ్ము తుడిచేది. వాళ్ళిల్లు అప్పట్లో పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మేడ మీద. ఒక ఆదివారం తను నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ ఇంటి ఆదివారాలు నా ముక్కుకు ఇప్పటికీ తెలుసు. వాళ్ళమ్మగారు పసుపు పచ్చని ఖిచిడీ వండి, నువ్వులూ చింతపండూ కలిపి ఖట్టా చేసి, పక్కన ఖీమా పెట్టి, అప్పడాలు వేయించేవారు. అదంతా పొద్దుటి ఫలహారం. మా ఊళ్ళో అయితే దాన్ని పెళ్ళి భోజనం అంటారు. నస్రీన్ నాన్నగారు సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. చేతికి పని లేకపోయినా ప్రతి ఆదివారం పేపరు పరుచుకుని, బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కి, పొడవు ప్రకారం వరసగా పెట్టేవారు. ఆయన దగ్గర కూర్చుంటే అత్తరూ పెన్సిలు చెక్కా కలిసిన వాసన వచ్చేది. నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవారు.

ఆట నడిపేది నస్రీన్ అన్న ఖాలిద్ భాయ్. తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఇందులో బోర్డూ పావులూ ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు: ఇదిగో కోట, ఇదిగో వాగు, అవతల తోడేళ్ళు, ఏం చేస్తావ్ అని అడుగుతారు. మిగతా వాళ్ళు తలా ఒక పాత్ర తయారు చేసుకుని ఆ పాత్రగా జవాబు చెబుతారు. జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇరవై ముఖాల పాచిక మాకెక్కడిది? ఇరవై చీటీలు రాసి టీపొడి డబ్బాలో వేసి తీసేవాళ్ళం. రూల్స్ పుస్తకం ఖాలిద్ భాయ్‌కి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. దొరికినప్పటికే కొన్ని కాగితాలు లేవు. దాన్ని అమీర్‌పేటలో జిరాక్స్ తీయించి స్పైరల్ వేయించాం. షాపాయన దగ్గర ఉన్నవి కోర్సు మెటీరియల్ అట్టలే కాబట్టి మా పుస్తకానికి జావా అట్ట పడింది. హాస్టల్లో నేను దాన్ని ధైర్యంగా చదువుకోవడానికి అది బాగా పనికొచ్చింది. తర్వాతి వారం వెళ్తే షాపు ముందు తాడుకు మా పుస్తకం కాపీలు నాలుగు వేలాడుతున్నాయి. ఇదేంటండీ అని అడిగాను. "గీ బుక్కుల టేబుళ్ళు మస్తున్నయ్ మేడమ్. కొత్త కోర్సు అనుకొని నాలుగు ఎక్స్‌ట్రా తీసిన. రెండు పోయినయ్ సుత" అన్నాడు. ఆ రెండూ కొనుక్కున్న మహానుభావులు ఏ ఇంటర్వ్యూలో ఏం చెప్పారో దేవుడికే తెలియాలి.

నేను యోధురాలిని అవుతానన్నాను. మంత్రాలు కూడా కావాలన్నాను. అలా అయితే సగం యోధురాలు, సగం డ్రూయిడ్ అవ్వు అన్నాడు ఖాలిద్ భాయ్. డ్రూయిడ్ అంటే అడవినే గురువుగా పెట్టుకుని, చెట్టుతో, వేరుతో, జంతువుతో పని చేయించుకునే మనిషి. వృక్షశాస్త్రం చదివినదాన్ని, నాకు ఇంకేం కావాలి? వనజ అని పేరు పెట్టాను. చిక్కంతా ఆయుధం దగ్గర వచ్చింది. పుస్తకంలో అన్నిటికంటే గట్టి దెబ్బ కొట్టే పొడుగు కత్తి నాకు కావాలి. యోధురాలు ఏదైనా పట్టుకోవచ్చు. డ్రూయిడ్ మాత్రం ఇనుప కవచం తొడగకూడదు, పట్టుకోదగ్గ ఆయుధాలు కూడా నాలుగైదే. రెండూ కలిసిన మనిషి ఎవరి నియమం పాటించాలో చెప్పే కాగితమే సరిగ్గా ఆ పుస్తకంలో లేదు. దాని మీద రెండు ఆదివారాలు తగువులాడుకున్నాం. లేని కాగితాల రూల్సన్నీ ఒక నోటుబుక్కులో మేమే రాసుకోవడం మొదలుపెట్టాం. రాసిన ప్రతి రూలుకీ నేను ఒక చిల్లు వెతికేదాన్ని. "రెండు చేతుల్లో రెండు కొడవళ్ళు పడితే? వడిసెలలో రాయి బదులు నిప్పు పెడితే?" ఖాలిద్ భాయ్ తల పట్టుకుని, "నువ్వు ఆడనీకి వచ్చినవా, తప్పులు పట్టనీకి వచ్చినవా?" అనేవాడు.

అంకుల్ మా ఆట ఆడేవారు కాదు, కోటలకూ గుహలకూ మ్యాపులు గీసిపెట్టేవారు. ఆ తగువు విని, పెన్సిల్ పక్కన పెట్టి, "బేటీ, గా కత్తి దినమంతా మొయ్యాలె గదా. నేను సర్వేకు అడవుల తిరిగిన. కొట్లాట జరిగేది ఎప్పుడో ఒక్కసారి. మోసుడు మాత్రం రోజూ ఉంటది. కొట్లాట లేనప్పుడు సుత పనికొచ్చేది తీస్కో" అన్నారు. అప్పుడు ఆలోచించాను. కొడవలి పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. వడిసెలతో మా తాతయ్య జొన్నచేలో పిట్టల్ని తోలుతుంటే చూశాను, నేనూ తోలాను. ఆ రెండే తీసుకున్నాను. తోలు చొక్కా, కొడవలి, వడిసెల, సంచీ నిండా గులకరాళ్ళు. నస్రీన్ విలుకత్తె గుల్నార్ పక్కన నా వనజ పొలం పనికి బయల్దేరిన మనిషిలా ఉండేది. నాకైతే ఆవిడంటే చచ్చేంత ఇష్టం కలిగింది.

అయితే రెండు విద్యల మనిషికి ఆ ఆటలో ఒక శిక్ష ఉంది. గెలిచినప్పుడల్లా వచ్చే, లెవెల్ ఎక్కించే అనుభవం సగం యోధురాలికి, సగం డ్రూయిడ్‌కి పోతుంది. వానాకాలంలో మొదలుపెట్టిన వనజ చలికాలం వచ్చినా రెండో లెవెల్ దగ్గరే దేకుతోంది. గుల్నార్ నాలుగు దాటింది. ఇటు హాస్టల్లో మా గదిలో అందరికీ ఉద్యోగాలు వచ్చేశాయి. ఎలా వచ్చాయో కూడా తెలుసు. అమీర్‌పేటలో అది దాపరికం కాదు, ఒక పద్ధతి. సందులో మెట్ల కింద కన్సల్టెన్సీ ఆయన నా రెజ్యూమె చూసి జాలిపడ్డాడు. "ఫ్రెషర్ అంటే గేటు కాడనే ఆపేస్తరు మేడమ్. మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోండ్రి. బ్యాంకింగ్ ప్రాజెక్ట్. ఆ కంపెనీ నంబరు నాదే ఇస్త, ఫోన్ వస్తే నేనే మాట్లాడ్త. ఫికర్ చేయకుండ్రి." అలా పెట్టుకుని చేరిన వాళ్ళను నేను ఇవాళ్టికీ తప్పు పట్టను. వాళ్ళలో చాలామంది నాకంటే బాగా పనిచేశారు. ఉగాది నెల రోజుల్లోకి వచ్చింది. పెట్టించుకున్నాను. సోమవారం పంజాగుట్టలో ఇంటర్వ్యూ పడింది.

దాని ముందు రోజు ఆదివారం. రెజ్యూమెలో ఇంగ్లీషు ఖాలిద్ భాయ్‌కి చూపిద్దామని ఫైలు పట్టుకుని వెళ్ళాను. మూడేళ్ళ అనుభవం సంచిలో ఉన్న మనిషికి రెండో లెవెల్ నచ్చుతుందా? వనజను నేరుగా అయిదో లెవెల్ చేయమని పట్టుబట్టాను. ఖాలిద్ భాయ్ వద్దంటాడనుకున్నాను. ఆయన నా ఫైలు వైపు చూసి, నా మొహం వైపు చూసి, "సరే, తీస్కో" అన్నాడు. పుస్తకం తిరగేసి కొత్త మంత్రాలన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాను. ఒక్కొక్కటీ ఏం చేస్తుందో చదివే ఓపిక లేదు. ఆట మొదలైంది. లోయలో గుల్నార్ బాణాలు అయిపోయాయి, తోడేళ్ళు చుట్టుముట్టాయి. "వనజా, ఏం చేస్తవ్?" కాగితం మీద వేలు పెట్టి, నేలలోంచి చెట్ల వేళ్ళు లేచి కాళ్ళను బంధించే మంత్రం వేశాను. ఖాలిద్ భాయ్ మెల్లగా చెప్పాడు. "వేళ్ళు అందరినీ పడ్తయ్. మనోళ్ళు, పరాయోళ్ళు అని చూడవు. గుల్నార్ కాళ్ళు సుత పట్టుకున్నయ్. రెండు తోడేళ్ళు అవతల మిగిలినయ్." డబ్బాలోంచి చీటీ తీశాం. గుల్నార్ చచ్చిపోయింది.

అది మూడో లెవెల్‌లో వచ్చే మంత్రం. వరసగా ఎక్కి ఉంటే మూడో లెవెల్‌లో నాకు అది ఒక్కటే ఉండేది, నాలుగుసార్లు వాడి దాని గుణం తెలుసుకునేదాన్ని. నేను ఆ లెవెల్ ఎక్కలేదు, దాని మీంచి దూకాను. నస్రీన్ గుల్నార్ కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. "వానాకాలం నుంచి ఆడుతున్న దీన్ని. నీకేమో ఒక్క దినంల అయిదో లెవెల్ గావాలె" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాగితం మీది బొమ్మకు ఏడుస్తారా అనకండి, ఆ రోజు తను ఏడ్చింది, వాళ్ళమ్మగారు ఊరుకోబెట్టడం నాకు వినపడింది.

నేను లేచే లోపు అంకుల్ చాప మీదున్న నా ఫైలును మ్యాపుల కాగితం అనుకుని తీశారు. భూతద్దం పెట్టి చదివారు. మొహం వెలిగింది. "బేటీ, నువ్వు బ్యాంకు పని మూడేండ్లు చేసినవా? మాకు చెప్పనే లేదు. చదువుకుంటనే చేసినవా? షాబాష్." ఆయనకు ఈ పద్ధతులేవీ తెలియవు. రాసి ఉంటే జరిగినట్టే అనుకునే మనిషి. పైగా కట్టడాలంటే ఆయనకు పిచ్చి. "గా బ్యాంకు లోపట ఎట్లుంటది? నువ్వు కూసునే చోటికి వెలుతురు ఎటు నుంచి వస్తది?" అని నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను బ్యాంకులో కౌంటరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఖాలిద్ భాయ్ నేల చూపులు చూస్తున్నాడు. "పెద్దదే అంకుల్" అన్నాను. "అచ్ఛా, అచ్ఛా" అని తల ఊపి, ఫైలును రెండు చేతులతో, ఎంతో మర్యాదగా నాకు అందించారు. కన్సల్టెన్సీ ఆయన ముందు రాని సిగ్గు అప్పుడు వచ్చింది. హాస్టల్ దాకా తల ఎత్తకుండా నడిచాను.

మర్నాడు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నావిడ నేత చీర కట్టుకుని, కళ్ళజోడు తల మీదికి తోసుకుని ఉంది. ప్రాజెక్టు గురించి అడిగింది. కంఠతా పట్టిన పేరా అప్పజెప్పాను. అంతా విని, "మీరు పట్టుకున్న మొదటి తప్పు ఏంటో చెప్పండి" అంది. మామూలు ప్రశ్నే. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు. కానీ ఆ క్షణంలో నాకు అంకుల్ అడిగిన వెలుతురు గుర్తుకొచ్చింది. బల్ల మీద పెన్ను తీసుకుని ఆ మూడేళ్ళ మీద అడ్డంగా గీత కొట్టేశాను. "ఇది రాయించుకున్నదండి. నాకు అనుభవం లేదు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుని ఆ గీతను చూసింది. "ఈ ఉద్యోగం మూడేళ్ళు చేసిన వాళ్ళకండి. మీకు ఇవ్వలేను." తెలుసండి అన్నాను. లేచి కాగితం తీసుకోబోతే, "అది ఇక్కడే ఉండనివ్వండి" అంది. చెత్తబుట్టలో వేస్తుంది కాబోలు అనుకున్నాను.

రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి నాన్నకు ఫోన్ చేశాను. "ఉద్యోగం రాలేదు నాన్నా. నేనే చెడగొట్టుకున్నాను" అని జరిగిందంతా చెప్పాను. "లేనిది ఉందని రాశావా?" అన్నారు. రాశాను, కొట్టేశాను అన్నాను. "కొట్టేశావు కదా, మరింకేం. అలా చేరితే రోజూ భయపడుతూ బతకాలి. ఉగాది అన్నది నేనే కదమ్మా, నేనే మారుస్తాను. మొక్కజొన్న కోతల దాకా ఉండు. అన్నం తింటున్నావా?" అన్నం మాట వినగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బూత్ నడిపే ఆయన గాజు తలుపు అవతలి నుంచి చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నానే గానీ, చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికగా ఉంది.

నస్రీన్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు క్లాసులో వనజ పాత కాగితం, రెండో లెవెల్‌ది, కీబోర్డు మీద పెట్టాను. అయిదో లెవెల్ కాగితం చించేశానని చెప్పాను. తను మౌసు వదలకుండానే చదివింది. "కొత్త విలుకత్తెను మొదటి లెవెల్ నుంచి చేస్తున్న. జర మెల్లగ నడువు నాతోని" అంది. ఆదివారం ఖిచిడీకి వెళ్ళాను. అంకుల్‌కు ఆ మూడేళ్ళ సంగతి నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పోని జాగకు మ్యాపు గియ్యలేం బేటీ. పోయి వచ్చినంక గీద్దాం" అని పెన్సిల్ చెక్కుకోవడంలో పడ్డారు.

మొక్కజొన్న కోతల ముందే హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. ఆ నేత చీర ఆవిడే. ఫ్రెషర్లకు పరీక్ష పెడుతున్నాం, వచ్చి రాయమంది. పరీక్షలో ఒక కాగితం నిండా లైబ్రరీ నియమాలు ఇచ్చి, ఎక్కడెక్కడ పొసగవో రాయమన్నారు. వానాకాలం నుంచీ ప్రతి ఆదివారం నేను చేసిన పని అదే. అడిగి మరీ ఇంకో కాగితం తీసుకుని రాశాను. ట్రైనీగా చేరాను, అందరికంటే కింద కుర్చీలో. ఆ ఏడాదే వనజ మూడో లెవెల్ ఎక్కింది. ఆ రోజు నస్రీన్ వాళ్ళమ్మగారు బ్రెడ్డుతో డబల్ కా మీఠా చేశారు.

ఇప్పుడు అమీర్‌పేటలో నెత్తి మీద మెట్రో నడుస్తోంది. కోర్సుల పేర్లు మారాయి, బోర్డులు మాత్రం తగ్గలేదు. ఖాలిద్ భాయ్ జుట్టంతా నెరిసింది. పిల్లలు రెండు నిమిషాల్లో ఏ లెవెల్ కావాలంటే ఆ లెవెల్ మనిషిని తయారు చేసుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు, వాళ్ళ ఆట వాళ్ళది. మా కాలమే గొప్పదని నేను అనను. ఆ బాత్రూం బకెట్ల వరసలోకి మళ్ళీ వెళ్ళమంటే చచ్చినా వెళ్ళను. కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో ఒక ఫారం నింపాలి. అందులో అనుభవం ఎన్నేళ్ళని ఒక గడి ఉంటుంది. పక్కవాళ్ళు అందులో అంకె వేసి క్షణంలో పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం ప్రతిసారీ అక్కడ కాస్త ఆగుతాను. ఇరవై రెండు అని రాస్తాను. అందులో నేను బతకని ఏడాది ఒక్కటి కూడా లేదు.